గుంట కాడి ఫోన్‌కి ఒక మోత: రింగ్‌టోన్ పెట్టుకోవడం, పెట్టినది పోకుండా చూసుకోవడం

మన దేశంలో సెల్‌ఫోన్‌కి వచ్చిన కాల్ ఎత్తకపోతే 30 సెకన్లు మోగి ఆగిపోతుంది. ల్యాండ్‌లైన్‌కైతే 60 సెకన్లు. 2019 నవంబరులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన లెక్క ఇది. పాటను రింగ్‌టోన్‌గా పెట్టుకునేవాళ్లు ముందు ఈ 30 సెకన్లు గుర్తుపెట్టుకోవాలి. చాలా పాటల్లో మొదట వేణువో వీణో మెల్లగా పది పదిహేను సెకన్లు నడిచి, ఆ తర్వాతే గొంతు అందుకుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి ఆ మెల్లటి ముక్క చెవిన పడదు. పల్లవి వచ్చేసరికి సగం కాల్ అయిపోతుంది.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మైపాడు వైపు మూడు రొయ్యల గుంటలు చేస్తున్నాను, అన్నీ కలిపి ఐదెకరాలు. ఇల్లు ఊళ్లో ఉంది, గుంటలు నాలుగు కిలోమీటర్ల అవతల. రాత్రిళ్లు అక్కడ కాపలాకి ఒక తమ్ముడు ఉంటాడు. వనామీ రకం రొయ్య సాకినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెల్లవారుజాముకి గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అది ఉండదు. ఉన్నదాన్నే రొయ్యా నాచూ అన్నీ పంచుకుంటూ తెల్లారేదాకా నెట్టుకురావాలి. సరిగ్గా ఆ వేళలో, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే రొయ్యలు పైకి తేలి, గట్టు పక్కకి చేరి చచ్చిపోతాయి.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక రాత్రి మూడు గంటలకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. తమ్ముడు నాకు నాలుగు సార్లు ఫోన్ చేశాడు. ఫోన్ మంచం పక్కన స్టూలు మీదే ఉంది, సైలెంట్‌లో లేదు, నాలుగు సార్లూ మోగింది కూడా. మోగింది మాత్రం నేను పెట్టుకున్న టోన్ కాదు. ఫోన్‌తో పాటు వచ్చిన సన్నటి గంటల శబ్దం. ఫ్యాన్ చప్పుడులో అది కలిసిపోయింది. ఐదుకి లేచి, మిస్డ్ కాల్స్ చూసి, బండేసుకుని వెళ్లేసరికి పెద్ద గుంట గట్టు పొడుగునా రొయ్య తెల్లబడి ఉంది. 72 రోజుల పంట. సగానికి పైగా పోయింది. ఆ తమ్ముడు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, "అన్నా, నాలుగు సార్లు చేశానన్నా" అని ఒకటే మాట.

నేను పెట్టుకున్న టోన్ ఏమైందో మర్నాడు తెలిసింది. ఆ ఫైల్ మెమొరీ కార్డులో ఉంది. ముందురోజు సాయంత్రం ఫోన్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయింది. రీస్టార్ట్ అయ్యేటప్పుడు కార్డు కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈలోపు ఫోన్ టోన్ కోసం వెతికి, దొరక్క, తన సొంత టోన్ పెట్టేసుకుంది. ఇలా జరిగిందని ఫోన్ మనకు ఒక్క ముక్క కూడా చెప్పదు. రింగ్‌టోన్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని, అది ఎవరైనా చేస్తారు. పెట్టిన టోన్ ఉండాల్సిన చోట ఉందా, మనల్ని లేపగలదా అన్నది చూసుకోవడమే అసలు పని. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు శబ్దం సంగతి. ఫోన్ స్పీకర్ చిన్న గింజంత ఉంటుంది. డప్పు, మృదంగం లాంటి బరువైన దెబ్బలు అందులోంచి రావు, పాటలో ఎంత బాగున్నా ఫోన్‌లో టకటకమని పొడిగా వినపడతాయి. మన చెవి బాగా పట్టేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య శబ్దాలను. అలాగని మరీ సన్నటి ఈల లాంటిది పెట్టకండి, వయసు పెరిగేకొద్దీ ముందు వినపడకుండా పోయేవి ఆ సన్నటి శబ్దాలే. మా అమ్మకి 74 ఏళ్లు. ఫోన్ పక్కన పెట్టుకుని కూడా "ఎవరూ చెయ్యలేదే" అనేది. చెవిటితనం అనుకున్నాం. టోన్ మార్చి పాతకాలపు ల్యాండ్‌లైన్ గంట పెడితే వంటింట్లోంచి వచ్చి ఎత్తింది. నాదస్వరం, గుడిగంట, ఇత్తడి గిన్నె, మనిషి గొంతు, ఇవన్నీ బాగా పనికొస్తాయి.

నా విషయానికొస్తే, గుంట కాడి ఫోన్‌కి డబ్బా మోత పెట్టుకున్నాను. కొంగలూ నీటికాకులూ గుంటలోకి దిగితే తోలడానికి ఖాళీ రేకు డబ్బా కర్రతో కొడతాం కదా, ఆ మోత. పదిహేనేళ్లుగా ఆ మోత వినపడితే నా కాళ్లు గుంట వైపు లేస్తాయి. నిద్రలో అయినా అంతే. నెట్‌లో వెతికితే వేల టోన్లు ఉంటాయి, అవేవీ మన ఒంటికి తెలియవు. మీకు మీ పనిలోనో ఇంట్లోనో ఏ శబ్దం వింటే చటుక్కున లేస్తారో దాన్ని రికార్డు చేసుకోండి.

రికార్డింగ్‌కి వేరే యాప్ అక్కర్లేదు, ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్ చాలు. మొదటిసారి నేను ఫోన్‌ని డబ్బాకి ఆనించినంత దగ్గర పెట్టాను. మొత్తం గరగరమని పగిలిపోయింది. రెండోసారి నాలుగడుగుల దూరంలో గట్టు మీద పెట్టి, మైకు రంధ్రం డబ్బా వైపు తిప్పి, సముద్రపు గాలి లేవకముందే పొద్దున్నే తీశాను. గాలి మైకులో పడితే బుసబుసమని వస్తుంది, దాన్ని తర్వాత తీసెయ్యడం కష్టం. మూడు దెబ్బలు, ఒక క్షణం ఆగడం, మళ్లీ మూడు దెబ్బలు. మధ్యలో ఆ ఆగడం ముఖ్యం. ఆగకుండా ఒకే తీరున మోగేదానికి నిద్రలో అలవాటు పడిపోతాం, ఆగి మళ్లీ మొదలైతే మెలకువ వస్తుంది.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి దాన్నే టోన్‌గా పెట్టాలని చూస్తారు కొందరు. అది ఓపస్ అనే రకం ఫైల్‌గా సేవ్ అవుతుంది, కొన్ని ఫోన్లలో రింగ్‌టోన్ల జాబితాలో అసలు కనపడదు. రికార్డర్‌లో తీస్తే చాలా ఫోన్లలో ఎం4ఏ గానో ఎంపీ3 గానో వస్తుంది. ఆ రెండూ ఏ ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయినా నడుస్తాయి.

తీసిన తర్వాత కత్తిరించాలి. చాలా రికార్డర్లలో ఎడిట్ గానీ ట్రిమ్ గానీ ఉంటుంది. కత్తెర బొమ్మ నొక్కితే అలల గీత కనపడుతుంది, రెండు చివర్లా రెండు గీతలు ఉంటాయి. ఎడమ గీతను మొదటి దెబ్బ మీదికి లాగండి. రికార్డ్ నొక్కిన చప్పుడు, గొంతు సవరించుకోవడం, ఖాళీ, ఏదీ మిగలకూడదు. మొదటి సెకన్‌లోనే దెబ్బ పడాలి. కుడివైపు 30 సెకన్లకు మించి ఉంచుకున్నా ఉపయోగం లేదు. నాది 12 సెకన్లే, అయిపోతే మళ్లీ మొదటి నుంచి మోగుతుంది. శబ్దం చిన్నగా వచ్చిందనిపిస్తే, ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. అందులో ఫైల్ తెరిచి నార్మలైజ్ చేస్తే పగలకుండా ఎంత పెరగాలో అంత పెరుగుతుంది.

ఇప్పుడు ఫైల్‌ని ఉండాల్సిన చోట పెట్టడం. దయచేసి ఈ మెట్టు దాటెయ్యకండి. ఫైల్స్ యాప్ తెరిచి, మీ రికార్డింగ్ మీద వేలు నొక్కి పట్టి, కాపీ అని ఇవ్వండి. ఇంటర్నల్ స్టోరేజ్‌లోకి వెళ్లండి. మెమొరీ కార్డు కాదు, ఫోన్ సొంత స్టోరేజ్. అక్కడ ఇంగ్లీషులో రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో పేస్ట్ చెయ్యండి. ఫోల్డర్ లేకపోతే మనమే చేసుకోవచ్చు, పేరు చివర ఎస్ ఉండాలి. మెసేజ్ శబ్దాలకు నోటిఫికేషన్స్ ఫోల్డర్, అలారానికి అలారమ్స్ ఫోల్డర్ ఇలాగే ఉంటాయి. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫైల్‌నే టోన్‌గా పెట్టినా మోగుతుంది. కానీ ఫోన్ నిండిపోయినప్పుడు మనం మొదట ఖాళీ చేసేది డౌన్‌లోడ్స్‌నే. ఫైల్ పోయిందంటే టోన్ పోయినట్టే. రింగ్‌టోన్ యాప్‌లతో కూడా ఇదే చిక్కు. యాప్ తన ఫోల్డర్‌లోనే పాట దాచుకుంటే, ప్రకటనల బాధ పడలేక ఆ యాప్ తీసేసిన రోజు టోన్ కూడా దాంతోనే పోతుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో సౌండ్ అండ్ వైబ్రేషన్, అందులో రింగ్‌టోన్. రెండు సిమ్‌లు ఉంటే ఒకటో సిమ్‌కి, రెండో సిమ్‌కి విడివిడిగా అడుగుతుంది. ఒకదానికి పెట్టి రెండోది మర్చిపోయి "పాట మారలేదు" అనేవాళ్లు మా ఊళ్లో చాలామంది. శాంసంగ్‌లో జాబితా పైన ప్లస్ గుర్తు ఉంటుంది, మిగతా చాలా ఫోన్లలో యాడ్ రింగ్‌టోన్ అనో, లోకల్ ఫైల్స్ అనో ఉంటుంది. జాబితాలో మీ ఫైల్ పేరుకు బదులు ఏదో వెబ్‌సైట్ పేరు కనపడితే కంగారు పడకండి. ఎంపీ3 లోపల రాసి ఉన్న టైటిల్‌ని ఫోన్ చూపిస్తుంది, నొక్కి వింటే తెలిసిపోతుంది.

ఇంతవరకూ అందరికీ కలిపి ఒక టోన్. నిజానికి నాకు కావాల్సింది గుంట కాడి నంబరుకు ఒక మోత, మిగతావాళ్లకి మరొకటి. కాంటాక్ట్స్‌లో ఆ పేరు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే సెట్ రింగ్‌టోన్ అని వస్తుంది. శాంసంగ్‌లోనైతే ఎడిట్‌లోకి వెళ్లి వ్యూ మోర్ నొక్కాలి. ఆ మాటే కనపడకపోతే ఆ నంబరు సిమ్‌లో సేవ్ అయి ఉంటుంది. సిమ్‌లో పేరూ నంబరూ తప్ప టోన్ లాంటివి పట్టవు. దాన్ని ఫోన్‌లోకో గూగుల్ ఖాతాలోకో మార్చి, సిమ్‌లోది తీసెయ్యండి. ఒకే మనిషి రెండు పేర్లతో సేవ్ అయి ఉంటే కూడా తికమకే. మనం ఒక పేరుకి టోన్ పెడతాం, కాల్ వచ్చినప్పుడు ఫోన్ రెండో పేరు పట్టుకుంటుంది. రెండింటినీ మెర్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, టోన్ మళ్లీ పెట్టండి. ఇంకొకటి, కొత్త ఫోన్ కొంటే గూగుల్ ఖాతా ద్వారా పేర్లూ నంబర్లూ వస్తాయి గానీ వాటికి పెట్టిన టోన్లు రావు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే.

కరెంటు పోగానే తనంతట తనే ఫోన్ చేసే సిమ్ పెట్టె ఆ నష్టం తర్వాత నేనూ బిగించుకున్నాను. ఆ సిమ్ నంబరును కూడా పేరు పెట్టి సేవ్ చేసుకోండి. ముక్కూ మొహం తెలియని నంబరుగా వదిలేస్తే స్పామ్ అనుకుని ఫోనే ఆపేసే ప్రమాదం ఉంది. కాపలా తమ్ముడికి ఒక డబ్బా, పెట్టెకి రెండు డబ్బాలు కలిపి కొట్టిన మోత పెట్టాను. కళ్లు తెరవకముందే ఏది మోగుతోందో తెలుస్తుంది.

మా అమ్మకి చదువు రాదు, తెర మీద పేరు చూసి ఎవరో పోల్చుకోలేదు. ఆమె ఫోన్‌లో నలుగురికి నాలుగు గొంతులు పెట్టాను. కావలిలో ఉన్న అక్క ఫోన్ చేస్తే "అమ్మా, నేను పెద్దదాన్ని" అని అక్క గొంతే మోగుతుంది. మనవడు చేస్తే "అవ్వా, ఎత్తవ్వా" అంటాడు. ఆ మనవడి కాల్ వస్తే ముందు ఓ రెండు సార్లు ఆ పిలుపు విని, నవ్వుకుని, అప్పుడు ఎత్తుతుంది. గొంతుతో వచ్చిన కాల్ మాత్రమే ఎత్తమని చెప్పాను. బ్యాంకు నుంచి అంటూ మోసగాళ్లు చేసే ఫోన్లు అలా ఆమె దాకా రావడం ఆగిపోయింది. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క పని చేసి పెట్టండి.

టోన్ సరిగ్గానే ఉన్నా మోగట్లేదంటే వరుసగా ఇవి చూడాలి. పక్కన బటన్ నొక్కితే ఇప్పటి ఆండ్రాయిడ్‌లో పెరిగేది పాటల సౌండ్, రింగ్ సౌండ్ కాదు. బటన్ నొక్కగానే వచ్చే గీత దగ్గర చిన్న చుక్కలు నొక్కితే రింగ్ గీత వేరుగా కనపడుతుంది, దాన్ని పైకి జరపండి. ఆ తర్వాత డోంట్ డిస్టర్బ్, అంటే కాల్స్ మోగకుండా ఆపే సెట్టింగ్. ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ అని ఉంటుంది. బెడ్‌టైమ్ మోడ్ ఒకసారి ఆన్ అయిందంటే రోజూ రాత్రి పెట్టిన టైముకి తనే ఫోన్ నోరు మూసేస్తుంది. పగలంతా బాగా మోగి రాత్రి మాత్రమే మోగకపోతే చాలావరకు కారణం ఇదే. అది వద్దనుకుంటే ఆపేయండి. కావాలనుకుంటే ముఖ్యమైన నంబర్లకి కాంటాక్ట్స్‌లో నక్షత్రం గుర్తు పెట్టి, డోంట్ డిస్టర్బ్ సెట్టింగ్‌లో స్టార్ పెట్టినవాళ్ల కాల్స్ రానివ్వమని ఇవ్వండి. అక్కడే రిపీట్ కాలర్స్ అని ఇంకొకటి ఉంటుంది. ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగనిస్తుంది. అందుకే మా తమ్ముడికి చెప్పాను, నేను ఎత్తకపోతే ఆలోచించొద్దు, వెంటనే మళ్లీ చెయ్యి అని.

వాట్సాప్ కాల్‌కి మన టోన్ మోగకపోతే అది తప్పు కాదు. వాట్సాప్ టోన్ వాట్సాప్‌లోనే, సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ దగ్గర, కాల్స్ కింద పెట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి శబ్దం మాత్రం నీరసంగా వస్తుంటే స్పీకర్ జాలీ చూడండి. మా వైపు ఉప్పుగాలి, మేత పొడి కలిసి ఆ రంధ్రాల్లో గట్టిపడుతుంది. పొడి మెత్తటి బ్రష్‌తో దులపాలి, గుండుసూది పెట్టి పొడవకూడదు. ఇక ఫోన్ దిండు కింద పెట్టుకుని మోగలేదంటే లాభం లేదు. నేను స్టీలు పళ్లెంలో పెట్టుకుంటాను. వైబ్రేషన్‌కి పళ్లెం కూడా అదురుతుంది.

మా అల్లుడిది ఐఫోన్. అందులో టోన్ పెట్టడం చాలాకాలం చుట్టుతిరుగుడుగా ఉండేది, గ్యారేజ్‌బ్యాండ్ అనే యాప్‌లోకి తీసుకెళ్లి, 30 సెకన్లలోపు కత్తిరించి, రింగ్‌టోన్‌గా షేర్ చేయాలి. ఐఓఎస్ 26 నుంచి ఫైల్స్ యాప్‌లోనే 30 సెకన్లలోపు ఎంపీ3ని నొక్కి, షేర్‌లో యూజ్ యాజ్ రింగ్‌టోన్ అంటే అయిపోతుంది. ఐఫోన్‌లో నాకు బాగా నచ్చింది ఎమర్జెన్సీ బైపాస్. కాంటాక్ట్ ఎడిట్‌లో రింగ్‌టోన్ నొక్కితే పైనే ఉంటుంది. అది ఆన్ చేస్తే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్క మనిషి కాల్ మోగుతుంది. ఫోన్ చేతిలోకి తీసుకోగానే మోత తగ్గిపోతోందని అల్లుడు పాడైందనుకున్నాడు. మొహం చూసి మనం గమనించామని తెలుసుకుని అదే తగ్గించుకుంటుంది. ఫేస్ ఐడీ సెట్టింగ్స్‌లో అటెన్షన్ అవేర్ ఫీచర్స్ ఆపేస్తే మామూలుగా మోగుతుంది.

మా పక్క గుంటల మామ ఒకరోజు వచ్చి, "అబ్బయ్యా, పాటకి నెలనెలా డబ్బులు పోతున్నాయి, నా ఫోన్ మాత్రం పాట పాడట్లేదే" అన్నాడు. ఆయన ఎవరికో ఫోన్ చేసినప్పుడు వినపడిన పాట నచ్చి స్టార్ నొక్కాడు. అది కాలర్ ట్యూన్. మనకు ఫోన్ చేసేవాళ్లకి వినపడేది కాలర్ ట్యూన్, మనకు వినపడేది రింగ్‌టోన్. మొదటిది కంపెనీ నడిపే సర్వీసు, దానికి డబ్బు పోవచ్చు. రెండోది మన ఫోన్‌లో ఉండే ఫైల్, దానికి పైసా అక్కర్లేదు. వద్దనుకున్న సర్వీసు ఆపడానికి 155223కి చేయొచ్చు, ఆ కాల్‌కి డబ్బు పడదు.

అన్నీ అయ్యాక సెట్టింగ్స్‌లో నొక్కి విని సరిపెట్టుకోకండి. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, తెర లాక్ అయ్యాక, వేరే ఫోన్ నుంచి నిజంగా కాల్ చేయించండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కూడా ఇలాగే. నేనైతే రోజూ చూసుకుంటాను. రాత్రి ఎనిమిదిన్నరకి ఆఖరి మేత చల్లాక తమ్ముడు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి, ఆ తర్వాత పెట్టె తీగ ఒకసారి పీకి పెట్టాలి. ముందు ఒక డబ్బా, కాసేపటికి రెండు డబ్బాలు మోగుతాయి. వరండాలోంచి అమ్మ, "రెండూ మోగినాయి, ఇంక పడుకో" అంటుంది.